లోపలి సమాచారం అనే అబద్ధం

“అసలు విషయం ఎప్పుడూ బయటికి రాదు. జనానికి వదిలేది పొట్టు, గింజంతా లోపలివాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ లోపలికి దారి దొరికినవాడే బాగుపడతాడు.” ఈ మాట ఇప్పుడు తెలుగువాళ్ళు నలుగురు చేరిన ప్రతిచోటా వినిపిస్తోంది. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర గ్రూప్స్‌కు చదివే పిల్లలు అంటారు. షేర్లలో చేతులు కాల్చుకున్న రిటైర్డ్ ఉద్యోగులు అంటారు. డల్లాస్‌లో ఉంటూ ఇక్కడ ప్లాటు కొనాలని చూసేవాళ్ళూ అంటారు. అనడంతో ఆగడం లేదు, డబ్బు కట్టి మరీ నమ్ముతున్నారు. టెలిగ్రామ్‌లో ప్రైవేట్ ఛానెళ్ళు, వాట్సాప్‌లో వీఐపీ గ్రూపులు, లింక్ ఉంటేనే తెరుచుకునే పేజీలు, ఎవరో సిఫారసు చేస్తేనే ఇచ్చే యాప్‌లు అన్నీ ఈ ఒక్క నమ్మకాన్ని తిని బతుకుతున్నాయి.

ఈ నమ్మకం మొదలంటా తప్పు. దీనివల్ల పోతున్నది డబ్బొక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. చదువుకున్నవాళ్ళ ఆలోచనా పద్ధతినే ఇది పాడుచేస్తోంది. అందుకే విడదీసి చూడాలి.

ముందు వాళ్ళ వాదన

వాళ్ళ వాదనకు పునాది లేదని అనను. 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎస్‌పీఎస్సీ) ప్రశ్నపత్రాలు బయటి దొంగల వల్ల కాదు, కమిషన్ ఆఫీసులో పనిచేసేవాళ్ళ చేతుల మీదుగానే పోయాయని తేలింది. 2022 అక్టోబరు 16న 2 లక్షల 80 వేల మందికి పైగా రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు. నిర్వహణ లోపాల వల్ల దాన్నీ హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాయాల్సి వచ్చింది. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి అశోక్‌నగర్‌లో గది తీసుకున్న కుర్రాడు ఒకే ప్రిలిమ్స్‌ను మూడుసార్లు రాశాడు. “చదివితే ఏముంది, లోపల మనిషి ఉండాలి గానీ” అని అతని నోట వస్తే అతన్ని తప్పు పట్టలేం. రోడ్డు ఎటు మళ్ళుతుందో ముందే తెలిసినవాళ్ళు ఎకరాలకు ఎకరాలు కొన్నారన్న కథలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. కంపెనీ ఫలితాలు ప్రకటించకముందే కొందరికి తెలిసిపోతాయన్నదీ కట్టుకథ కాదు. దాన్ని ఆపడానికే దేశంలో ఒక చట్టం ఉంది.

కాబట్టి రహస్యాలున్నాయి, వాటితో లాభపడేవాళ్ళూ ఉన్నారు. ఇంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ వాదన ఇక్కడితో ఆగదు. రహస్యాలకు విలువ ఉంది గనుక రహస్యమని చెప్పేదానికల్లా విలువ ఉంటుందని ఒక దూకు దూకుతుంది. అక్కడినుంచి, అందరికీ దొరికేది పనికిరాదని ఇంకో దూకు. ఆ మీదట, డబ్బిచ్చి లోపలికి వెళ్ళడమే తెలివైన పని అని మూడో దూకు. మొదటిమాట నిజమైనంత మాత్రాన తర్వాతి మూడూ నిజాలైపోవు. ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి: నిజమైన లీకు ఛానెల్ పెట్టుకోదు

రహస్యానికి విలువ వచ్చేదే కొద్దిమందికి తెలియడం వల్ల. ప్రశ్నపత్రం పదిమందికి తెలిస్తే ఆ పదిమందికి ర్యాంకులొస్తాయి. లక్షమందికి తెలిస్తే కటాఫ్ పెరుగుతుంది, పోలీసులు వస్తారు, పరీక్ష రద్దవుతుంది. దొంగిలించినవాడికి ఈ లెక్క అందరికంటే బాగా తెలుసు. అందుకే నిజంగా పేపరు చేతిలో ఉన్నవాడు దాన్ని ఎంత తక్కువమందికి వీలైతే అంత తక్కువమందికి, ఎంత ఎక్కువ ధరకు వీలైతే అంత ఎక్కువకు అమ్ముతాడు. వేలమంది సభ్యులున్న ఛానెల్లో 499 రూపాయలకు ఇవ్వడు.

2024 నీట్‌నే తీసుకోండి. మే 5న 23 లక్షల మందికి పైగా రాశారు. హజారీబాగ్‌లోనూ పట్నాలోనూ పేపరు లీకైందన్నది వివాదం లేని విషయమని సుప్రీంకోర్టు జులై 23న చెప్పింది. దానివల్ల లాభపడినట్టు సీబీఐ దర్యాప్తులో అప్పటికి కనిపించిన విద్యార్థులు సుమారు 155 మంది. ఆ లీకు జరిగిన తీరు గమనించండి. పరీక్ష రోజు పొద్దున పేపర్ల ట్రంకుపెట్టె తెరిచారు, ఫొటోలు తీశారు, జవాబులు రాయించారు, కుర్రాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి బట్టీ పట్టించారు, కాగితాలు తగలబెట్టారు. దేశమంతా ఫోన్లలో “పేపర్ వచ్చేసింది” అని వెతుకుతూ ఉంటే, అసలు పేపరు ఒక గదిలో గుప్పెడుమంది ముందు ఉంది. వెతికిన లక్షలమందికి దొరికింది ఏమిటి? ఫేక్ పీడీఎఫ్‌లు, క్యూఆర్ కోడ్‌లు. 2025 నీట్‌కు ముందు ఇలాంటి అబద్ధపు ప్రచారం చేస్తున్న 106 టెలిగ్రామ్ ఛానెళ్ళను, 16 ఇన్‌స్టాగ్రామ్ ఛానెళ్ళను గుర్తించామని పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ ప్రకటించింది.

ఈ ఛానెళ్ళ పనితనం దగ్గరగా చూస్తే గానీ అర్థం కాదు. పరీక్ష ముందురోజు రాత్రి అడ్మిన్ ఒక ఫైలు పెడతాడు. అందులో పాత పేపరు ఉండవచ్చు, అసలేమీ లేని ఖాళీ పేజీలూ ఉండవచ్చు. పరీక్ష ముగిసి విద్యార్థులు బయటికొచ్చాక అసలు పేపరు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. అప్పుడు అడ్మిన్ రాత్రి పెట్టిన పోస్టును తెరిచి, ఫైలు మార్చేస్తాడు. టెలిగ్రామ్ ఛానెల్లో అలా మార్చుకోవచ్చు. మొదట పెట్టిన తేదీ, టైమ్ అలాగే ఉంటాయి. పక్కన ‘ఎడిటెడ్’ అన్న చిన్న మాట ఒకటి చేరుతుంది. దాన్ని కత్తిరించి స్క్రీన్‌షాట్ తీస్తే “నిన్న రాత్రే మన ఛానెల్లో పేపర్ ఇచ్చాం” అనడానికి సాక్ష్యం తయారు. వచ్చే పరీక్షకు ఆ స్క్రీన్‌షాటే పెట్టుబడి.

ఈ పద్ధతి ఎంత దూరం పోయిందో 2024 జూన్‌లో దేశం చూసింది. 18వ తేదీన యూజీసీ-నెట్ జరిగింది. 9 లక్షల మందికి పైగా రాశారు. మర్నాడు రాత్రే పరీక్ష రద్దు. పేపరు డార్క్‌నెట్‌లో కనిపించిందని, అసలుదానితో సరిపోయిందని కేంద్ర విద్యామంత్రి చెప్పారు. దర్యాప్తు సీబీఐకి అప్పగించారు. సీబీఐకి చివరికి తేలిందేమిటంటే, ఆ స్క్రీన్‌షాట్ నకిలీది. పరీక్ష మొదటి షిఫ్టు అయ్యాక బయటికొచ్చిన పేపరు ఫొటోకు ముందురోజు తేదీ కనిపించేలా ఒక స్కూలు విద్యార్థి మార్చాడు. 2025 జనవరిలో సీబీఐ కేసు మూసివేత నివేదిక ఇచ్చింది. ఈలోగా 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో పరీక్ష మళ్ళీ పెట్టారు. తెలుగు సాహిత్యంలో జేఆర్ఎఫ్ కోసం ఏళ్ళ తరబడి చదివిన మన పిల్లలూ మళ్ళీ ఫీజు కట్టనక్కర్లేకపోయినా బస్సు చార్జీలు పెట్టుకుని, సెలవులు పెట్టుకుని వెళ్ళి రాశారు. లేని లీకుకు 9 లక్షల మంది మూల్యం చెల్లించారు. రహస్యం అన్న ముద్ర పడగానే విచారించకుండా నమ్మడం అమాయకులకే పరిమితం కాదు. ప్రభుత్వమే ఆ పని చేసింది.

రెండు: ఆ తాళం ఎవరి కోసం

“విలువైనది కాకపోతే అంత కట్టుదిట్టంగా ఎందుకు దాస్తారు?” ఇది వాళ్ళ రెండో ప్రశ్న. దాచిన కారణం తెలియకుండా దాచినదాని విలువ చెప్పలేం. విలువైనది గనుక దాచవచ్చు. అబద్ధం గనుకా దాచవచ్చు. ఇంటర్నెట్‌లో రెండో కారణమే ఎక్కువ. ఎందుకంటే తలుపు మూసిన గదిలో చెప్పిన మాటను బయటివాడు పరీక్షించలేడు.

మనసులో ఉన్న ఒక బలహీనతను ఇది వాడుకుంటుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ట్రావర్స్, లీఫ్ వాన్ బోవెన్, చార్లెస్ జడ్ అనే పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. విదేశాంగ విధానానికి సంబంధించిన ఒకే సమాచారాన్ని కొందరికి రహస్యపత్రమని, కొందరికి బహిరంగపత్రమని చెప్పి చూపించారు. రహస్యం అనుకున్నవాళ్ళు దాన్నే ఎక్కువ నాణ్యమైనదిగా లెక్కగట్టారు. కాగితం మీద అక్షరం మారలేదు, ముద్ర ఒక్కటే మారింది.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్ తన ఫోన్‌లో షేర్ల టిప్‌లిచ్చే ఒక వీఐపీ గ్రూపు చూపించారు. అందులో సభ్యులెవరూ రాయలేరు, అడ్మిన్ ఒక్కడే రాస్తాడు. “టార్గెట్ 1 హిట్, టార్గెట్ 2 హిట్, కంగ్రాట్స్ ఫ్యామిలీ” అని వరసగా పచ్చటి టిక్కులు. నెల మొత్తం వెనక్కి జరిపి చూశాం. నష్టపోయిన కాల్ ఒక్కటీ లేదు. “మీరు పోగొట్టుకున్నది ఏ కాల్‌లో?” అని అడిగాను. ఆ మాస్టారు వెతికారు, కనిపించలేదు. తన నోటుబుక్‌లో తేదీ, షేరు పేరు, కొన్న ధర రాసి పెట్టుకున్నారు గనుక సరిపోయింది. గ్రూపులో మాత్రం ఆ మెసేజ్ ఎప్పుడో తీసేశారు. ఆయనతోపాటు పోగొట్టుకున్నవాళ్ళు అదే గ్రూపులో ఎందరున్నారో ఆయనకు తెలిసే వీలు లేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటే అక్కడ లేదు. బయటివాళ్ళు లోపలికి రాకుండా తాళం వేశారని ఆయన అనుకున్నారు. లోపలివాళ్ళు ఒకరి నష్టం ఒకరు చూసుకోకుండా వేసిన తాళం అది.

తీసేయనవసరం కూడా లేకుండా ఈ మాయ చేయవచ్చు. 12,800 మంది ఫోన్ నంబర్లు సంపాదించండి. సగం మందికి రేపు ఫలానా షేరు పెరుగుతుందని, మిగతా సగానికి తగ్గుతుందని పంపండి. తప్పు మాట చేరినవాళ్ళను వదిలేసి, సరైనది చేరిన 6,400 మందిని మళ్ళీ రెండు సగాలు చేయండి. ఇలా ఐదురోజులు చేస్తే 400 మంది మిగులుతారు. వరసగా ఐదుసార్లు నిజమైన జోస్యం వాళ్ళు కళ్ళారా చూశారు. ఆరో జోస్యానికి ఫీజు అడిగితే కట్టరా? చెప్పినవాడికి షేర్ల గురించి ఓనమాలు కూడా తెలియనవసరం లేదు. మిగతా 12,400 మందికి ఏం పంపారో ఆ 400 మందికి కనబడకపోతే చాలు.

ఇది ఊహ అనుకునేవాళ్ళకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వులు ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. 2022 జనవరిలో ఒక టెలిగ్రామ్ ఛానెల్ నడిపినవాళ్ళను మార్కెట్ నుంచి తాత్కాలికంగా నిషేధించింది. చిన్న కంపెనీల షేర్లు వాళ్ళు ముందు కొనుక్కునేవారు, తర్వాత ఛానెల్లో కొనమని చెప్పేవారు, సభ్యులు ఎగబడి కొంటుంటే తమవి అమ్ముకునేవారన్నది సెబీ ఆరోపణ. అంటే టిప్ అందుకున్న సభ్యుడు లాభంలో వాటాదారు కాడు, ఆ షేరుకు చివరి కొనుగోలుదారు. 2023 అక్టోబరులో ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో పాఠాలు, టిప్‌లు అమ్మిన వ్యక్తి మీద ఇచ్చిన ఉత్తర్వులో, జనం నుంచి తీసుకున్న దాదాపు 17 కోట్ల రూపాయలు జమ చేయమంది. అతను బయటికి లాభాలే చూపించాడు. సొంత ట్రేడింగ్‌లో రెండున్నరేళ్ళకు 2 కోట్ల 80 లక్షలకు పైగా నష్టపోయాడని సెబీ లెక్కతేల్చింది. లోపలి కిటుకు తెలిసినవాడే అంత పోగొట్టుకుంటే, ఆ కిటుకు కొన్నవాళ్ళకు మిగిలేదేమిటి?

ఇంకో ఉదాహరణ దీనికంటే లోతైనది. 2017 నవంబరులో కొన్ని పెద్ద కంపెనీల ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్‌లో తిరిగాయని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. అంకెలు నిజంగానే సరిపోయాయి. సెబీ విచారించి మెసేజ్‌లు పంపినవాళ్ళకు జరిమానాలు వేసింది. 2021 మార్చిలో అప్పీళ్ళ ట్రిబ్యునల్ వాటిని కొట్టేసింది. మార్కెట్లో అలాంటి అంచనాలు, పుకార్లు రోజూ కుప్పలుగా తిరుగుతాయి, వాటిలో ఫలానాది కంపెనీ లోపలి నుంచి వచ్చిందని పంపినవాళ్ళకు తెలుసన్న రుజువు లేదు అన్నది సారాంశం. అంటే మార్కెట్లో పుట్టి పెరిగిన వృత్తినిపుణులు చేతిలో నిజమైన అంకె పట్టుకుని కూడా అది నిజమో పుకారో చెప్పలేని స్థితిలో ఉన్నారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని ఫార్వర్డ్ అందుకున్న మనిషి దాన్ని ఎలా పోల్చుకుంటాడు?

మూడు: నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం

లోపలి సమాచారం కొనేవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోరు, అమ్మేవాళ్ళు వేసుకోనివ్వరు. మీకొచ్చిన టిప్ నిజంగానే కంపెనీ లోపలిదనుకుందాం. 2015 నాటి సెబీ నిబంధనల ప్రకారం బయటపెట్టని కీలక సమాచారం చేతిలో ఉన్న ఎవరైనా ఇన్‌సైడరే. కంపెనీలో ఉద్యోగం చేస్తేనే అని లేదు. దాని ఆధారంగా షేరు కొంటే సెబీ చట్టంలోని 15జీ సెక్షన్ కింద కనీస జరిమానా 10 లక్షలు. గరిష్ఠం 25 కోట్లు లేదా లాభానికి మూడురెట్లు, ఏది ఎక్కువైతే అది. ప్రాసిక్యూషన్ జరిగితే పదేళ్ళదాకా జైలు. ప్రశ్నపత్రం విషయంలోనూ అంతే. టీఎస్‌పీఎస్సీ కేసులో పేపరు కొన్న అభ్యర్థులు నిందితులయ్యారు, కమిషన్ వాళ్ళను పరీక్షలు రాయకుండా డిబార్ చేసింది. టిప్ అబద్ధమైతే డబ్బు పోయింది. కాబట్టి 499 రూపాయలు కట్టినవాడికి దొరికే మంచి ఫలితమే లేదు.

ఈ తర్కాన్ని ఎదురుగా పెట్టుకుని, ‘ప్రత్యేక ప్రవేశం’ పేరుతో నడిచే పెద్ద మోసాన్ని చూడండి. విదేశీ సంస్థాగత మదుపరుల ఖాతా మీకూ తెరిపిస్తాం, మార్కెట్ మూసాక కొనుక్కోవచ్చు, ఐపీఓలో గ్యారంటీగా షేర్లు వస్తాయి, డీమ్యాట్ కూడా అక్కర్లేదు అంటూ వాట్సాప్‌లో పిలుస్తారు. 2024 ఫిబ్రవరిలో సెబీ దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. విదేశీ మదుపరులకు ఉద్దేశించిన ఎఫ్‌పీఐ మార్గం దేశంలో నివసించే భారతీయులకు, పరిమితమైన కొన్ని మినహాయింపులు తప్ప, లేనేలేదని, ‘ఇన్‌స్టిట్యూషనల్ అకౌంట్’ అనేదే ఉండదని స్పష్టంగా చెప్పింది. తెరిపిస్తామంటున్న తలుపే లేదన్నమాట. అయినా అందులో పడేవాళ్ళు ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లుగా రిటైరైనవాళ్ళు. మొదట 5 వేలు తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరాక యాప్‌లో అంకెలు లక్షలకు పెరుగుతాయి. తీసుకోబోతే “ముందు ట్యాక్స్ కట్టాలి” అంటారు. అప్పటికి ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము అటుపోయింది. సైబర్ మోసాల్లో 2024 ఒక్క ఏడాదిలో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందులో అన్నిరకాల మోసాలూ ఉన్నాయి. బాధితులను అత్యాశపరులని తిట్టేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. వీళ్ళలో చాలామందిని లోపలికి లాగింది అత్యాశకంటే ముందు, ‘పెద్దవాళ్ళకు వేరే దారి ఉంది’ అని మనమంతా పదేపదే చెప్పుకున్న మాట.

నాలుగు: మంచుకొండ బొమ్మ

ఇంటర్నెట్‌లో మనం చూసేది నాలుగు శాతమే, మిగతా 96 శాతం చీకట్లో ఉందని మంచుకొండ బొమ్మ వేసి చెప్పే వీడియోలు తెలుగులో బోలెడు. దీనిమీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. గూగుల్‌కు దొరకని భాగం ఎన్నో రెట్లు పెద్దదని 2001లో మైకేల్ బెర్గ్‌మన్ అంచనా వేసిన మాట నిజం. ఆయన జాబితాలో అన్నిటికంటే పెద్దవి ఏవి? అమెరికా వాతావరణ శాఖ లెక్కలు, నాసా ఉపగ్రహాల డేటా. మీ బ్యాంకు ఖాతా పేజీ, మీ ఈమెయిల్, మీ పాప స్కూలు మార్కుల పేజీ కూడా ఆ ‘కనబడని’ భాగంలోవే. డార్క్ వెబ్ అన్నది వేరు. దానికి వాడే టార్ పుట్టింది అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో. బీబీసీ, న్యూయార్క్ టైమ్స్ కూడా అక్కడ తమ సైట్లు పెట్టాయి. అక్కడ నేరం ఉంది, నిఘా నుంచి తప్పించుకోవాల్సిన జర్నలిస్టులూ ఉన్నారు. లోకాన్ని నడిపే రహస్యాల గిడ్డంగి మాత్రం లేదు.

ఐదు: బయట దొరికేది పొట్టు కాదు

ఈ నమ్మకం చేసే అసలు హాని ఇక్కడుంది. ఉచితంగా దొరికేదాన్ని చదవడం అవమానంగా అనిపించేలా చేస్తుంది.

సత్యం కంప్యూటర్స్ సంగతి మనకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు షేరు దాదాపు 179 రూపాయల నుంచి 40కి పడింది. అంతా లోపల జరిగింది, బయటివాడికి ఎలా తెలుస్తుంది అని ఇప్పటికీ అంటారు. 2008 డిసెంబరు 16న ఏం జరిగింది? ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటామని సత్యం తానే బహిరంగంగా ప్రకటించింది. మదుపరులు మండిపడటంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ నెలాఖరులోపు స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా చేశారు. అన్నీ పేపర్లలో వచ్చినవే. ఐటీ కంపెనీ డబ్బంతా తీసుకెళ్ళి ఛైర్మన్ కొడుకుల రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీల్లో ఎందుకు పెడుతోందన్న ప్రశ్నకు లోపలి మనిషి అక్కర్లేదు. మూడు వారాల ముందే ఆ ప్రశ్న అందరి ముందూ ఉంది.

ఇప్పుడు ఏ లిస్టెడ్ కంపెనీ ఫలితమైనా, ప్రమోటర్లు తాకట్టుపెట్టిన షేర్ల లెక్క అయినా బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. సలహా ఇస్తానన్న మనిషికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. భూమికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఉంది. కోర్టు కేసులకు ఈ-కోర్ట్స్ ఉంది. ఇవి చదవడం కష్టం, విసుగు. ఆ కష్టాన్ని తప్పించుకోవడానికే ‘లోపలి సమాచారం’ అన్న పేరు పనికొస్తోందని నా అభిప్రాయం. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. టిప్‌ల గ్రూపులు ఇన్ని వేలుండగా ఈ లెక్క వచ్చింది. ఆ గ్రూపుల్లో పనికొచ్చే సమాచారం నిజంగా ఉంటే ఈ అంకె ఇలా ఉండేది కాదు. ఈ నివేదిక కూడా ఉచితమే. డబ్బు కట్టే ముందు దాన్ని చదివినవాళ్ళు ఎందరు?

“మరి పనామా పేపర్స్ మాటేమిటి, అవి రహస్యపత్రాలే కదా” అనవచ్చు. అవును. 2016లో కోటీ 15 లక్షల పత్రాలు. కానీ వాటికి విలువ వచ్చింది దొంగచాటుగా చేతులు మారినందుకు కాదు. అనేక దేశాల జర్నలిస్టులు ఏడాది పాటు కూర్చుని, పేర్లను బహిరంగ రికార్డులతో సరిచూసి, వందకు పైగా సంస్థల ద్వారా ఒకే రోజు లోకానికి చెప్పారు. ప్రజలకు అవసరమైన రహస్యం బయటపడే పద్ధతి అది. ఎవరో సరిచూస్తారు, అందరికీ ఇస్తారు, తప్పుంటే నిలదీసే వీలుంటుంది. సభ్యత్వ రుసుము కట్టినవాళ్ళకు మాత్రమే, ఫార్వర్డ్ చేయొద్దన్న షరతుతో ఇచ్చేదాన్ని దాని పక్కన నిలబెట్టకండి.

ఆరు: అసలు మూసిన తలుపులు

రహస్యాల మీద ఇంత మోజున్న సమాజం, తనకు న్యాయంగా దక్కాల్సిన సమాచారం మూసేస్తే భగ్గుమనాలి. అలా జరగలేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను తన జీవోల సైటులో పెట్టడం ఆపేసింది. అంతకుముందు పదేళ్ళకు పైగా ఎవరైనా సైటు తెరిచి చదువుకునేవి అవి. ఏ భూమి ఎవరికిచ్చారు, ఏ కాంట్రాక్టు రేటు ఎంత పెంచారు, ఎవరిని ఎక్కడికి బదిలీ చేశారు, అన్నీ వాటిలోనే ఉంటాయి. 2024 ఆగస్టులో మళ్ళీ పెట్టడం మొదలయ్యేదాకా మూడేళ్ళు గడిచాయి. తెలంగాణలో కూడా, 2021 ఆగస్టులోనే, దళితబంధు వ్యాజ్యం సందర్భంగా, జీవో ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. కొందరు పాత్రికేయులు, పిటిషనర్లు తప్ప ఈ మూసివేత గురించి మాట్లాడినవాళ్ళెవరు? ప్లాటు కొనడానికి ‘లోపలి సమాచారం’ కోసం ఏజెంట్ల వెంట తిరిగినవాళ్ళు ఈ సైటు ఎందుకు మూశారని అడగలేదు. రోడ్డు ఎటు పోతుందో కొందరికే ముందు తెలిసే అవకాశం ఇలాంటి మూసివేతల్లోనే పుడుతుంది.

తలుపు తెరిపించిన ఉదాహరణ కూడా మన కళ్ళముందే ఉంది. ఎన్నికల బాండ్లు 2018 నుంచి నడిచాయి. ఎవరు ఏ పార్టీకి ఎంతిచ్చారో పౌరుడికి తెలియకూడదన్నది ఆ పథకం నియమం. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. స్టేట్ బ్యాంక్ జూన్ 30 దాకా గడువు అడిగితే ఇవ్వలేదు. మార్చి 14న ఎన్నికల సంఘం సైటులో జాబితాలు వచ్చాయి. హైదరాబాద్‌లోని మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల బాండ్లతో దేశంలో రెండో స్థానంలో ఉందని ఆ రోజు ఆటోడ్రైవర్‌కూ తెలిసింది, ఐఏఎస్ అధికారికీ తెలిసింది. ఆరేళ్ళు నిజంగా దాచిన రహస్యం అది. ఏ వీఐపీ గ్రూపూ దాన్ని అమ్మలేకపోయింది. పిటిషన్ వేసి, ఏళ్ళ తరబడి వాదించి తెరిపించారు.

కొందరికి లోపలి సమాచారం ఉండటం అన్యాయమని అందరూ ఒప్పుకుంటున్నారు. దానికి విరుగుడుగా ఆ కొందరిలో ఒకడిగా చేరాలనుకోవడం ఎదిరించడం కాదు, అదే అన్యాయంలో చిల్లర వాటా అడగడం. ఆ వాటా కూడా దొరకదని పైన చూశాం. సమాచార హక్కు చట్టం వచ్చి 2005 నుంచి ఇన్నేళ్ళయింది. అడగకముందే తామంతట తామే ఏమేం ప్రకటించాలో నాలుగో సెక్షన్ ప్రతి కార్యాలయానికీ చెప్పింది. చాలా శాఖల సైట్లలో ఆ పేజీ ఏళ్ళనాటి అధికారుల పేర్లతో అలాగే పడి ఉంటుంది. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబివ్వాల్సిన గడువు 30 రోజులు. 499 రూపాయల సభ్యత్వం మీద పెట్టిన ఆశలో పదోవంతు దీనిమీద పెట్టండి. ప్రతి జీవో సంతకమైన రోజే సైటులో ఉండాలని అడగండి. రోడ్ల అలైన్‌మెంట్ ముసాయిదా దశలోనే గ్రామపంచాయతీ గోడ మీద పెట్టమనండి. పరీక్ష ముగిసిన వారంలో మాస్టర్ ప్రశ్నపత్రం, ప్రాథమిక కీ, ప్రతి అభ్యర్థి ఓఎంఆర్ నకలు బయటపెట్టాలని, పేపర్ల పెట్టె ఎవరు ఎప్పుడు తెరిచారో రాసిన రిజిస్టరు కూడా వాటితోపాటే ఇవ్వాలని కమిషన్‌కు రాయండి. రెండు రాష్ట్రాల్లోనూ లక్షల మంది అభ్యర్థులున్నారు. వాళ్ళంతా ఒకే నెలలో ఈ ఒక్క దరఖాస్తు పెడితే ఏ కమిషనూ కాదనలేదు.